మూడు డాలర్ల తేడా

ఎడిసన్, న్యూజెర్సీ

2025 జనవరి 5, ఆదివారం

ఒకటో తారీకు నుంచి రాష్ట్రంలో కనీస వేతనం గంటకి 15.49 డాలర్లయింది. పోయినేడు 15.13. ఆ ప్రకటనలోనే కింద ఇంకో అంకె ఉంది: 18.49. నర్సింగ్ హోముల్లోనూ అలాంటి దీర్ఘకాల సంరక్షణ సంస్థల్లోనూ మనుషుల్ని దగ్గరుండి చూసుకునే సిబ్బందికి ఇవ్వాల్సిన కనీసం అది. కోవిడ్ మొదటి దెబ్బకి ఈ రాష్ట్రపు నర్సింగ్ హోముల్లో వేలమంది పోయాక, 2020లో చట్టం చేశారు. ఆ సిబ్బంది జీతం ఎప్పుడూ మామూలు కనీస వేతనం కంటే మూడు డాలర్లు ఎక్కువ ఉండాలని. మంచి చట్టం. ఆ చావుల మధ్య నిలబడి పనిచేసినవాళ్లకి దక్కాల్సిందే.

నన్ను ఇంట్లో చూసుకునే అక్క ఆ చట్టంలో లేదు.

పొద్దున ఏడింటికి వస్తుంది అక్క. నాది కండరాల క్షీణత. తెనాలిలో కాలేజీ రోజుల్లో మెట్లెక్కడం కష్టమవడంతో మొదలైంది. ఇప్పుడు మెడా, చేతివేళ్లూ తప్ప నా అంతట నేను కదిపేవి తక్కువ. అక్క నన్ను పక్కకి తిప్పి కింద స్లింగ్ పరుస్తుంది. పట్టీలు లిఫ్ట్ కొక్కాలకి తగిలించి, ఒక చేత్తో మీట నొక్కుతూ ఇంకో చేత్తో నా తల పట్టుకుని కుర్చీలోకి దించుతుంది. దించేముందు నడుం కిందా మడమల దగ్గరా చర్మం చూస్తుంది. ఎర్రబడి, కాసేపటికీ తగ్గకపోతే పుండు పడబోతోందని లెక్క. పడితే నెలల తరబడి బాధ, ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది. తర్వాత స్నానం, జడ, బట్టలు, టిఫిన్, మందులు. తొమ్మిదిన్నరకి నేను లాప్‌టాప్ ముందుంటాను. నా ఉద్యోగం, నా పన్నులు, సాయంత్రం ఓక్ ట్రీ రోడ్డు మీద కూరగాయలు, అన్నీ అక్క ఏడింటికి రావడం మీద నిలబడి ఉన్నాయి.

ఇదే పని నర్సింగ్ హోంలో చేస్తే కనీస వేతనమే గంటకి మూడు డాలర్లు ఎక్కువ. వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 6,240 డాలర్లు. ఇంట్లో చేస్తే లేదు. మనిషి ఒక్కరే, నేర్చిన విద్య ఒక్కటే, వంగే నడుమూ ఒక్కటే. తేడా అంతా నేను ఏ కప్పు కింద పడుకున్నానన్నదే.

జనవరి 26, ఆదివారం

అక్కది గుడివాడ దగ్గర పల్లెటూరు. కొడుకు గ్రీన్ కార్డు తెప్పించాక వచ్చింది. ఈ రాష్ట్రంలో హోం హెల్త్ ఎయిడ్ కావాలంటే 76 గంటల శిక్షణ, ఆ తర్వాత నర్సింగ్ బోర్డు సర్టిఫికెట్. తెలుగు మీడియంలో చదివిన మనిషి యాభై దాటాక ఇంగ్లీషులో నాడి చూడ్డం, మంచం పుండ్లు, చేతుల శుభ్రత, రోగి హక్కులు చదివి పాసయింది. ఈ మాట నేను అందరికీ చెబుతుంటాను.

నా దగ్గర పదకొండింటికి అయిపోతుంది. అక్కణ్ణుంచి ఏజెన్సీ పని. మధ్యాహ్నం ఐసెలిన్‌లో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన, సాయంత్రం మటచెన్ వైపు ఇంకో ఇల్లు. ప్రతి ఇంట్లో అడుగు పెట్టగానే ఫోన్లో క్లాక్ ఇన్, బయల్దేరేటప్పుడు క్లాక్ అవుట్. మెడికెయిడ్ డబ్బుతో నడిచే ఇంటి సాయమంతా ఇలా నమోదు కావాలని 2016 నాటి ఫెడరల్ చట్టం. పెద్దాయన ఆసుపత్రిలో చేరితే ఆ వారం ఆ గంటలు పోయినట్టే. కారు లేదు కనక ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎవరో ఒకరు దింపాలి, లేదా మంచులో బస్సు కోసం నిలబడాలి.

గుజరాతీ ఆడవాళ్లు, ఘనా, హైతీ, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లు, మన అక్కలు. ఈ ఊళ్లో తెల్లారేసరికి అద్దె ఇళ్ల ముందు కారు కోసం కాచుకుని ఉండేది వీళ్లే. దేశం మొత్తమ్మీద ఈ పనిచేసేవాళ్ల మధ్యస్థ వేతనం 2024 మే లెక్కన గంటకి 16.78. అంటే సగంమందికి అంతకన్నా తక్కువే.

ఫిబ్రవరి 26, బుధవారం, శివరాత్రి

నిన్న గవర్నర్ మర్ఫీ బడ్జెట్ ప్రసంగం. దాదాపు 5,800 కోట్ల డాలర్లు. జూన్ 30 లోగా శాసనసభ ఆమోదించాలి, ఈలోపల ఎవరైనా కమిటీకి తమ మాట చెప్పుకోవచ్చు. జాగారం చేయలేను గానీ రాత్రి ఒంటిగంట దాకా ఆ వాంగ్మూలం రాస్తూ కూర్చున్నాను. సాయంత్రాలు నన్ను చూసుకునే ఘనా ఆవిడ తన గంటలు అయిపోయినా ఆగి, నన్ను మంచం మీదికి చేర్చి వెళ్లింది. ఆ అదనపు సమయానికి నేను ఈ వారంలో వేరేచోట కోత పెట్టుకోవాలి. ఆ లెక్కే వాంగ్మూలంలో రాశాను.

నాది పర్సనల్ ప్రిఫరెన్స్ ప్రోగ్రామ్. మనిషిని ఏజెన్సీ పంపదు. నేనే వెతుక్కుని, నేనే పెట్టుకుని, జీతం ఎంతో నేనే నిర్ణయిస్తాను. ఉద్యోగం చేస్తూనే మెడికెయిడ్ నిలుపుకోవడానికి వర్క్‌ఎబిలిటీ అనే ఏర్పాటు ఉంది కనక ఇది కుదిరింది. నర్సు ఇంటికొచ్చి నా అవసరాలు చూసి వారానికి ఇన్ని గంటలని తేలుస్తుంది. ఆ గంటల్ని ఒక రేటుతో గుణించి నెల బడ్జెట్ కడతారు. నావి 35 గంటలు. నేను గంటకి 17 ఇస్తున్నాను. వారానికి 595 డాలర్లు. దీన్నే 18.49 చేస్తే అదే డబ్బు 32 గంటలకి సరిపోతుంది. మూడు గంటలు పోతాయి. ఏ మూడు? శనివారం తలస్నానం, ఆదివారం బయటికి వెళ్లడం, బుధవారం రాత్రి కాళ్లు చేతులు వంచి చాచే వ్యాయామం. అక్కకి న్యాయం చేయాలంటే నా ఒంటి నుంచి కోసి ఇవ్వాలి. నా ఒళ్లు కాపాడుకోవాలంటే అక్కకి తక్కువ ఇవ్వాలి. మా ఇద్దరినీ ఇలా ఎదురెదురుగా నిలబెట్టింది ఆ రేటు. అది పెంచండి అని రాశాను.

ఇది కొత్తగా పుట్టిన కోరిక కాదు. 1990 మార్చి 12న వాషింగ్టన్‌లో వికలాంగులు చక్రాల కుర్చీలు కింద వదిలేసి కాపిటల్ మెట్లు పాక్కుంటూ ఎక్కారు. వాళ్లలో ఎనిమిదేళ్ల పాప కూడా ఉంది. ఆ జూలై 26న వికలాంగుల హక్కుల చట్టం మీద సంతకం పడింది. బస్సుల్లోకి ఎక్కే హక్కు కోసం అడాప్ట్ పేరుతో పోరాడిన ఆ గుంపు, చట్టం రాగానే తమ గురిని ఇళ్లలో సహాయకుల మీదికి మళ్లించింది. వాళ్లకి వెంటనే అర్థమైంది. బస్సుకి ర్యాంపు ఉన్నా, మంచం మీంచి లేపే మనిషి లేకపోతే బస్టాపు దాకా చేరేదెలా?

మార్చి 30, ఆదివారం, ఉగాది

విశ్వావసు. సాయిదత్త పీఠంలో పంచాంగ శ్రవణం. జనం బాగా వచ్చారు. ప్రసాదం దగ్గర ఒక పెద్దాయన నా కుర్చీ పక్కన నిలబడి అక్కని మెచ్చుకుని, నాతో అన్నాడు: “ఇది పుణ్యం అమ్మా. దీనికి డాలర్ల లెక్కలేంటి? మన వాళ్లని మనం చూసుకోవడం మన రక్తంలోనే ఉంది.” మంచి మనిషి. మనసులో మాటే చెప్పాడు. నేనూ మనసులో మాటే చెప్పాను. “బాబాయ్ గారూ, అక్క చేతుల్లో ఉన్న ప్రేమకి నేను వెల కట్టట్లేదు. అది ఆవిడ ఇష్టం. నేనడిగేది ఆవిడ నడుముకి, నిద్రకి, ఇంటద్దెకి. గుళ్లో పూజారి గారికి భక్తి ఉంది కదా అని జీతం మానేస్తున్నామా?”

ఆయన కాసేపు ఆగి, “మా ఆవిడకి మోకాళ్ల ఆపరేషన్ అయినప్పుడు మాకూ ఒకావిడ వచ్చింది. ఆవిడకెంత ముట్టేదో నేనెప్పుడూ అడగలేదు” అన్నాడు.

మెడికెయిడ్ ఏజెన్సీకి గంటకి కట్టే డబ్బులో ఎంత భాగం పనిచేసిన మనిషికి చేరుతుందో రోగికి తెలియదు, చాలాసార్లు ఎయిడ్‌కీ తెలియదు. 2024లో ఫెడరల్ ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. ఇలాంటి సేవల మీద కట్టే డబ్బులో 80 శాతం పనివాళ్ల జీతభత్యాలకే పోవాలి. అమలుకి 2030 దాకా గడువు. అప్పటికి అక్కకి అరవై దాటుతాయి.

రాత్రి అమ్మ ఫోన్. తెనాలిలో పచ్చడి కుదిరిందట, వేపపువ్వు పక్కింటి చెట్టుదట. మా వీధి చివర మంచానికే అతుక్కుపోయిన కుర్రాడికి పింఛను పోయిన జూలై నుంచి 15,000 వస్తోందని చెప్పింది. అంతకుముందు 5,000. రాత్రిళ్లు తిప్పి పడుకోబెట్టడానికి వాళ్ల నాన్న ఒక మనిషిని పెట్టగలిగాడట. నేను సంతోషించాను. అక్కడా సమస్య ఇదే రూపంలో ఉంది. 2016 నాటి మన వికలాంగుల చట్టం 24వ సెక్షన్లో, ఎక్కువ సాయం కావాల్సినవాళ్లకి సంరక్షకుల భత్యం గురించి స్పష్టంగా ఉంది. 2020లో కాజల్ కేసులో, ప్రమాదంలో పూర్తిగా మంచాన పడిన అమ్మాయికి ఒక మనిషి చాలదని, దాదాపు ఇరవై నాలుగ్గంటలూ తోడు అవసరం కనక ఇద్దరు కావాలని సుప్రీంకోర్టు లెక్క వేసింది. మనిషికి నెలకి 5,000 చొప్పున. ఇద్దరు కావాలని ఒప్పుకున్న ఆ తీర్పు నాకు ఎంతో ధైర్యం. ఆ 5,000తో పన్నెండు గంటల మనిషి ఎలా బతకాలన్నదే నా దిగులు.

మే 22, గురువారం

తెల్లవారుజామున ప్రతినిధుల సభ ట్రంప్ ప్రభుత్వపు పన్నులు, ఖర్చుల పెద్ద బిల్లు ప్యాస్ చేసింది. 215, 214. ఒక్క ఓటు. మెడికెయిడ్‌కి భారీ కోతలు.

వార్తల్లో పెద్దగా కనిపించని సంగతి ఒకటి ఇక్కడ రాసుకుంటాను. మెడికెయిడ్ చట్టంలో నర్సింగ్ హోం తప్పనిసరి, ప్రతి రాష్ట్రం ఇవ్వాల్సిందే. ఇంట్లో ఇచ్చే వ్యక్తిగత సాయం మాత్రం రాష్ట్రం ఇష్టం. డబ్బు తగ్గితే తప్పనిసరివి ముట్టుకోలేరు. కత్తెర ముందుగా వచ్చేది మా ఇంటికే.

జూన్ 8, ఆదివారం

అక్క వెళ్లిపోతోంది. చలికాలమంతా రాత్రిళ్లు చదివి నర్సింగ్ హోంలో పనికి కావాల్సిన వేరే సర్టిఫికెట్ కూడా సంపాదించింది. పొద్దుటి షిఫ్ట్, ఏడు నుంచి మూడు. అవే నా గంటలు.

“చెల్లెమ్మా, నీకెలా చెప్పాలో తెలీక వారం నుంచి నానుస్తున్నా. అక్కడ ఎనిమిది గంటలూ ఒకేచోట. ఎవరు ఆసుపత్రికి పోయినా నా గంటలు పోవు. ఇన్సూరెన్సూ ఇస్తామన్నారు. మీ బావగారి షుగర్ మందులకే నెలకింత పోతోంది.”

“నానుస్తావెందుకక్కా? వెళ్లు. నీ కోసం ఉత్తరం నేను రాస్తా, ఎంత బాగా చేస్తావో.”

రాసిచ్చాను. అక్క చేసే ప్రతి పనీ విడివిడిగా, పేరు పేరునా రాశాను. చర్మం చూడ్డం, తల పట్టుకునే తీరు, అన్నం మింగేటప్పుడు గడ్డం కాస్త దించమని చెప్పడం. ఆవిడ నిర్ణయం సరైనదని నాకు ఏ సందేహమూ లేదు. ఏడాదికి వేల డాలర్ల తేడా, పైన ఇన్సూరెన్స్. చెల్లెలి మీద ప్రేమతో దాన్ని వదులుకోమనడం అన్యాయం.

కానీ ఆ చట్టం ఏం చేస్తోందో ఈ రోజు నా ఇంట్లోనే కనబడుతోంది. జీతం నీళ్ల లాంటిది, మనుషుల్ని పల్లానికి లాక్కుపోతుంది. అక్కలాంటివాళ్లు ఇళ్ల నుంచి సంస్థల్లోకి పోతారు. వాళ్ల వెనకే, ఇంట్లో లేపేవాళ్లు లేక, మేమూ పోవాల్సి వస్తుంది. పార్సనేజ్ రోడ్డు మీద రూజ్వెల్ట్ కేర్ సెంటర్ ముందు నుంచి పార్కుకి వెళ్లేటప్పుడల్లా ఆ కట్టడాన్ని చూస్తాను.  కౌంటీ నడిపే నర్సింగ్ హోం అది. అలాంటిచోట ఉండాల్సిన అవసరం ఉన్నవాళ్లు ఉంటారు, వాళ్లని బాగా చూసుకునేవాళ్లకి ఇంకా ఎక్కువే రావాలి. నాకు ఆ అవసరం లేదు. నాకు కావాల్సింది పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం కొంత. దానికోసం నా ఇల్లు, నా ఉద్యోగం, నా పుస్తకాలు వదిలి వెళ్లడానికి నేను ఒప్పుకోను.

జూన్ 23, సోమవారం

ఘనా ఆవిడ మూడు పొద్దులు ఒప్పుకుంది. ఒక పొద్దు మా పెద్దమ్మ కూతురు ప్లెయిన్స్‌బరో నుంచి వస్తోంది. ఈ ప్రోగ్రామ్‌లో బంధువులకీ జీతం ఇవ్వచ్చు. తను వద్దంటే నేను ఊరుకోలేదు, టైం షీట్ మీద సంతకం పెట్టించాను. మిగిలిన ఒక్క పొద్దు ఎవరూ లేరు. ఆ రోజు మంచం మీది నుంచే, మీటింగులకి కెమెరా ఆపేసి పనిచేస్తున్నాను. మధ్యాహ్నానికి నడుం కింద మంట.

నిన్నటికి ఓమ్‌స్టెడ్ తీర్పు వచ్చి 26 ఏళ్లు. 1999 జూన్ 22. జార్జియాలో ఇద్దరు ఆడవాళ్లు, బయట బతకగలరని వైద్యులే చెప్పినా వాళ్లని ఆసుపత్రిలోనే ఉంచారు. అవసరం లేకుండా సంస్థల్లో ఉంచడం వివక్ష అని సుప్రీంకోర్టు చెప్పింది. నాకు ఈ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది ఆ తీర్పే. గంటకి ఎంత ఇవ్వాలో మాత్రం అందులో లేదు. ఆ హక్కు పొద్దున ఏడింటికి నా తలుపు దాకా రావాలంటే దాన్ని మోసుకొచ్చే మనిషికి బతకడానికి సరిపడా జీతం ఉండాలి.

నదికి అవతల న్యూయార్క్‌లో ఇంటి సహాయకులకే విడిగా కనీసం పెట్టారు. ఈ ఏడాది న్యూయార్క్ నగరంలో 19.10. వాళ్లడిగింది కనీస వేతనానికి ఒకటిన్నర రెట్లు. అంత రాలేదు గానీ అడిగినందువల్ల ఇదైనా వచ్చింది. రైల్లో గంట లోపు దూరం.

జూలై 4, శుక్రవారం

ఇవాళ ఆ బిల్లు మీద ప్రెసిడెంటు సంతకం. రూజ్వెల్ట్ పార్కు వైపు నుంచి పిల్లల కేకలు వినిపిస్తున్నాయి.

మొన్న బుధవారం ఇంకో వార్త. ఇంటి సహాయకులకి ఫెడరల్ కనీస వేతనం, ఓవర్‌టైం వర్తింపజేసిన 2013 నాటి నియమాన్ని ఎత్తేస్తామని కార్మిక శాఖ ప్రతిపాదించింది. అభిప్రాయాలు చెప్పడానికి సెప్టెంబరు 2 దాకా గడువు.

ఈ కథ పాతది. 1938లో కనీస వేతన చట్టం చేసినప్పుడు ఇళ్లల్లో పనిచేసేవాళ్లనీ పొలాల్లో పనిచేసేవాళ్లనీ బయట ఉంచారు. దక్షిణాది రాష్ట్రాల్లో వాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. 1974లో ఇంటిపనివాళ్లని చేర్చారు. కానీ ముసలివాళ్లకి, రోగులకి ‘తోడు’గా ఉండేవాళ్లని మళ్లీ వదిలేశారు. ఎవెలిన్ కోక్ అని జమైకా నుంచి వచ్చిన ఆవిడ న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి ఇళ్లల్లో రోగుల్ని చూసుకుంది, కొన్ని షిఫ్టులు ఇరవై నాలుగ్గంటలవి. ఓవర్‌టైం కోసం దావా వేసింది. 2007 జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ కలిసి ఆవిడకి వ్యతిరేకంగా చెప్పారు. 2009లో ఆవిడ పోయింది, 74 ఏళ్లకి. ఆ కేసు కదిపిన కదలికే 2013 నియమం దాకా వచ్చింది. 2015లో అమల్లోకొచ్చింది. పదేళ్లు. ఇప్పుడు తీసేస్తామంటున్నారు.

న్యూజెర్సీకి సొంత కనీస వేతనం ఉంది కనక ఇక్కడ కొంత కాపు ఉంటుంది. టెక్సాస్‌లో రాష్ట్ర కనీస వేతనమంటే ఫెడరల్ 7.25 డాలర్లే. 2009 నుంచి పెరగలేదు. ఆ నియమం పోతే ఆ 7.25 పూచీ కూడా అక్కడివాళ్లకి ఉండదు. ఒక రోగి ఇంటి నుంచి ఇంకో రోగి ఇంటికి పోయే సమయాన్ని పనిగా లెక్కించాలన్న పట్టూ పోతుంది. డల్లాస్, ఫ్రిస్కోల్లో ఎంతమంది మనవాళ్ల అమ్మానాన్నలు మంచాల మీద ఉన్నారు, వాళ్ల పక్కన ఎంతమంది పనిచేస్తున్నారు! అక్కడి స్నేహితులకి రాత్రే మెసేజ్ పెట్టాను.

ఆగస్టు 31, ఆదివారం

కార్మిక శాఖకి నా అభిప్రాయం పంపేశాను. 2013 నియమం వల్ల ఈ సేవల ఖర్చు పెరుగుతోందన్నది ప్రతిపాదనలోని ఒక వాదన. రోగిని నేనే కనక సూటిగా జవాబు రాశాను. నాకు ఖర్చు తగ్గక్కర్లేదు, మనిషి దొరకాలి. జీతం తగ్గితే మనిషి దొరకదు. మనిషి లేని రోజు నా మంచం ఖర్చు ఎంతో, నా పుండు ఖర్చు ఎంతో, నేను మానేయాల్సిన ఉద్యోగం ఖర్చు ఎంతో లెక్క కట్టండి అని రాశాను. వికలాంగుల పేరు చెప్పి సహాయకుల జీతం కోయడానికి మా అనుమతి లేదని కూడా రాశాను.

పంపేముందు అక్కకి ఫోన్లో చదివి వినిపించాను. ఇవాళ ఆవిడకి సెలవు. అంతా విని, “బస్సు కోసం నిలబడ్డ టైం కూడా రాయి చెల్లెమ్మా. జనవరిలో ఐసెలిన్ స్టాపులో చేతులు కొయ్యబారిపోతే, ఆ చేతుల్తోనే పెద్దాయనకి గడ్డం గీశాను. వేడినీళ్లలో పెట్టుకున్నాకే ముట్టుకున్నాలే” అంది. రాశాను.

నవంబరులో రాష్ట్ర అసెంబ్లీ 80 స్థానాలకీ ఎన్నికలు. దసరాకి, బతుకమ్మకి అభ్యర్థులు మన దగ్గరికి వస్తారు, శాలువాలు కప్పించుకుంటారు, ఫొటోలు దిగుతారు. ఈసారి వాళ్ల చేతిలో పెట్టడానికి ఒక పేజీ తయారుచేశాను. 2020 చట్టంలోని మూడు డాలర్లు ఇళ్లల్లో పనిచేసే ఎయిడ్లకీ వర్తించాలి, దానికి తగ్గట్టు మెడికెయిడ్ రేటు పెంచాలి, ఆ పెంపు మా గంటల్లోంచి కోయకూడదు. ఇంగ్లీషులో, తెలుగులో అయింది. గుజరాతీలోకి రాయడానికి ఐసెలిన్ పెద్దాయన కూతురు ఒప్పుకుంది. శనివారానికి ఇస్తానంది.